ఫ్లూ సూది వేసుకుంటే కరోనా వస్తుందా? ఆ 36 శాతం లెక్క సంగతి

(బాగ్‌లింగంపల్లిలో మే నెల చివరి ఆదివారం పొద్దున జరిగిన ఆరోగ్య ప్రసంగం ఇది. మాట్లాడింది సామాజిక వైద్యం బోధించి రిటైరైన డాక్టరు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ కూలర్ కాస్త తగ్గించండి బాబూ, నా గొంతు దానితో పోటీ పడలేదు. ఆఁ, ఇప్పుడు నయం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి అమ్మా, నేను ఇవాళ ఎవరికీ సూది వెయ్యను.

నన్ను పిలిచినవాళ్ళు ఇచ్చిన టాపిక్ వానాకాలం జబ్బులు. డెంగీ గురించి, నిలవ నీళ్ళ గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే మాట్లాడతాను. ఎండాకాలం అయిపోతోందంటే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ లేస్తుంది. మీలో ఎంతమందికి వచ్చిందో చేతులెత్తండి. "ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్ళకి కరోనా వచ్చే అవకాశం 36 శాతం ఎక్కువ, ఈ మాట అమెరికా సైన్యమే చెప్పింది." చూశారా, సగం హాలు ఎత్తింది. వాళ్ళలో కొందరు షుగర్ ఉన్నవాళ్ళు, కొందరు ఆయాసం ఉన్నవాళ్ళు, ఆ మెసేజ్ చూసి భయపడి సూది మానేసినవాళ్ళు కూడా ఉండే ఉంటారు.

ఆ మెసేజ్ పచ్చి అబద్ధమైతే నా పని తేలిక. ఫార్వర్డ్ చెయ్యకండి అని చెప్పి దిగిపోయేవాణ్ణి. కానీ ఆ 36 అనే అంకె నిజంగానే ఉంది. ఒక పరిశోధన పత్రంలో, ఒక పట్టికలో, అచ్చంగా ఉంది. అందుకే గంటసేపు తీసుకుంటున్నాను. అంకె నిజం, అర్థం తప్పు. ఇలాంటిది అబద్ధం కన్నా మొండిది, వదిలించుకోవడం కష్టం.

సరే, ఆ పత్రం ఏమిటి? అమెరికా రక్షణ శాఖ వాళ్ళు ప్రపంచమంతా ఉన్న తమ స్థావరాల్లో దగ్గు, జలుబు, జ్వరంతో వచ్చినవాళ్ళ శాంపిల్స్ తీసి ఏ వైరస్ ఉందో చూస్తుంటారు. ముక్కులో పుల్ల పెట్టి టెస్టు చేస్తారు కదా, 2020లో మనందరికీ అలవాటైపోయింది, అదే. 2017-18 ఫ్లూ సీజన్లో అలా తీసిన 9,469 శాంపిల్స్ వాళ్ళు పరిశీలించారు. ఎవరు ఆ ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్నారు, ఎవరు వేయించుకోలేదు, ఎవరిలో ఏ వైరస్ దొరికింది, ఇదీ లెక్క. 2020 జనవరిలో ఒక టీకాల పత్రికలో అచ్చయింది.

2017-18. ఈ ఏడాది గుర్తుపెట్టుకోండి. కోవిడ్ వైరస్ చైనాలో బయటపడింది ఎప్పుడు? 2019 చివర్లో. మన తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న. మరి 2018లో ఆగిపోయిన శాంపిల్స్‌లో కోవిడ్ ఎలా ఉంటుంది? ఉండదు. ఒక్కటి కూడా లేదు. ఆ పత్రంలో "కరోనావైరస్" అని రాసింది మనల్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన దాన్ని గురించి కాదు.

మరి దేన్ని గురించి? కరోనా వైరస్‌లు ఒక పెద్ద కుటుంబం. అందులో నాలుగు రకాలు మనతో ఎప్పట్నుంచో కాపురం చేస్తున్నాయి. వాటి పేర్లు చూస్తే బండి నంబర్ ప్లేట్లలా ఉంటాయి: 229ఈ, ఓసీ43, ఎన్ఎల్63, హెచ్‌కేయూ1. మొదటి రెండూ 1960ల్లోనే తెలుసు, మిగతా రెండూ 2004, 2005లో దొరికాయి. ఇవి చేసేది ఏమిటి? పడిశం. ముక్కు కారడం, గొంతు గరగర, రెండ్రోజులు తలనొప్పి. మిరియాల పాలు తాగి పడుకుంటే పోయే పడిశం. మీ అందరికీ చిన్నప్పుడే వచ్చి పోయాయి, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. ఆ పత్రంలో ఉన్నవి ఇవి.

2020 మేలో అమెరికాలో ఒక వీడియో విపరీతంగా తిరిగింది. అందులో ఈ 36 శాతాన్ని తీసుకెళ్ళి నేరుగా కోవిడ్‌కి అంటించేశారు. అక్కణ్ణించి అది భాషలన్నీ దాటి మన తెలుగులోకి వచ్చి కూర్చుంది. మన భాషలోకి వచ్చేసరికి "అమెరికా సైన్యమే చెప్పింది" అనే తోక కూడా మొలిచింది.

ఇక్కడితో ఆగిపోవచ్చు. చాలామంది డాక్టర్లు ఇక్కడే ఆగిపోతారు: అది పాత కరోనా, ఇది కొత్త కరోనా, అయిపోయింది, ఇంటికెళ్ళండి. కానీ మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు కదా: "డాక్టర్ గారూ, పాత కరోనా అయినా సరే, ఫ్లూ టీకా వేసుకున్నవాళ్ళలో అది ఎక్కువగా ఎందుకు దొరికింది? పాతదానికి ఎక్కువైతే కొత్తదానికి కాదని గ్యారంటీ ఏమిటి?" న్యాయమైన ప్రశ్న. అడగాల్సిన ప్రశ్న. జవాబు లెక్కలో ఉంది. లెక్క అనగానే నిద్రపోకండి, ఇది ఐదో తరగతి లెక్కే.

ముందు వాళ్ళ అంకెలు చూద్దాం. టీకా వేసుకున్నవాళ్ళ శాంపిల్స్‌లో కరోనా దొరికింది 7.8 శాతం. వేసుకోనివాళ్ళలో 5.8 శాతం. తేడా ఎంత? వందకి రెండు. ఈ రెండింటి నిష్పత్తిని ఒక పద్ధతిలో కడితే 1.36 వస్తుంది. అదే "36 శాతం ఎక్కువ". వందకి రెండు అంటే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు, 36 శాతం అంటే చేస్తారు. ఇది మొదటి కిటుకు. అసలు కిటుకు వేరే ఉంది.

ఈ శాతాలు ఎవరిలో శాతాలు? ఊరి జనంలో కాదు. జబ్బుపడి, దవాఖానకి వచ్చి, ముక్కులో పుల్ల పెట్టించుకున్నవాళ్ళలో. ఇది మర్చిపోతే మొత్తం మర్చిపోయినట్టే.

బోర్డు మీద రాస్తాను, చూడండి. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, ఏ సర్వేవీ కావు. మియాపూర్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ అనుకోండి. ఏ బ్లాకులో 1000 మంది, అందరూ ఫ్లూ టీకా వేయించుకున్నారు. బీ బ్లాకులో 1000 మంది, ఒక్కరూ వేయించుకోలేదు. పాత కరోనా వైరస్ వచ్చింది. అది టీకా చూసి రాదు కదా, రెండు బ్లాకుల్లోనూ సమానంగా 20 మందికి, 20 మందికి వచ్చింది. వేరే జలుబు వైరస్‌లు, అవీ సమానమే: 20, 20. ఇక ఫ్లూ. టీకా లేని బీ బ్లాకులో 60 మందికి వచ్చింది. టీకా ఉన్న ఏ బ్లాకులో సగం, 30 మందికే వచ్చింది. టీకా పనే అది.

ఇప్పుడు జబ్బుపడ్డవాళ్ళందరూ టెస్టుకి వెళ్ళారు. బీ బ్లాకు నుంచి ఎంతమంది? 60, 20, 20, మొత్తం 100. అందులో కరోనా 20. అంటే 20 శాతం. ఏ బ్లాకు నుంచి? 30, 20, 20, మొత్తం 70. అందులో కరోనా 20. 70లో 20 అంటే ఎంత? ఫోన్లో కొట్టి చెప్పండి ఎవరైనా. ఆఁ, 28న్నర శాతం. బీ బ్లాకులో 20, ఏ బ్లాకులో 28న్నర. అయ్య బాబోయ్, టీకా వేసుకున్నవాళ్ళలో కరోనా 43 శాతం ఎక్కువ! పెట్టండి వాట్సాప్‌లో!

కరోనా ఒక్కరికైనా ఎక్కువ వచ్చిందా? రాలేదు. ఇక్కడా 20 మందే, అక్కడా 20 మందే. మరి ఆ 43 ఎక్కణ్ణించి వచ్చింది? ఫ్లూ తగ్గడం వల్ల వచ్చింది. టీకా పనిచేసి 30 మంది ఫ్లూ నుంచి తప్పించుకుని క్యూలోంచి వెళ్ళిపోయారు, కాబట్టి మిగిలిన క్యూలో కరోనా వాళ్ళ వాటా పెరిగినట్టు కనిపించింది. టీకా ఎంత బాగా పనిచేస్తే ఈ తప్పుడు లెక్క అంత భయంకరంగా కనిపిస్తుంది! అది పనిచేసినందుకే దాని మీద కేసు పెడుతున్నాం. ఎంత అన్యాయం చూడండి.

సరిగ్గా ఎలా చూడాలి మరి? ఫ్లూ వచ్చినవాళ్ళని పక్కన పెట్టి చూడాలి. ఏ బ్లాకులో ఫ్లూ కాకుండా 40 మంది, అందులో కరోనా 20. బీ బ్లాకులోనూ 40లో 20. సగం, సగం. తేడా పోయింది. ఆ అమెరికా పత్రంలో ఫ్లూ వచ్చినవాళ్ళని కూడా కింద మొత్తంలో కలిపేశారు. 7.8, 5.8 అనే శాతాలు కట్టింది మొత్తం 9,469 మంది మీదే.

ఇంకో చిక్కు ఉంది. ఆ శాంపిల్స్‌లో జవాన్లూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు, ఇతర కుటుంబ సభ్యులూ ఉన్నారు. అప్పట్లో జవాన్లకి ఫ్లూ టీకా తప్పనిసరి. అంటే రెండు గుంపులూ ఒకేలాంటి మనుషులు కారు, వయసు వేరు, బ్యారక్‌లో బతుకు వేరు, బడిలో బతుకు వేరు. అందుకే ఆ పట్టికలో కొన్ని వైరస్‌లు టీకా వాళ్ళలో ఎక్కువ కనిపించాయి, కొన్ని తక్కువ కనిపించాయి. ఆర్ఎస్‌వీ అని పసిపిల్లలకి ఆయాసం తెప్పించే వైరస్ ఒకటుంది, అది టీకా వేసుకున్నవాళ్ళలో తక్కువ. పారా ఇన్‌ఫ్లూయెంజా అని ఇంకో జలుబు వైరస్, పేరు అలా ఉన్నా ఫ్లూ కాదు, అది కూడా తక్కువ. 36 శాతాన్ని నమ్మినవాళ్ళు దీన్ని కూడా నమ్మాలి కదా? "ఫ్లూ టీకా వేసుకోండి, ఆర్ఎస్‌వీ రాదు" అని మీకెవరైనా ఫార్వర్డ్ చేశారా? ఎవరూ చెయ్యలేదు. పట్టికలో తమకి కావల్సిన ఒక్క గీత కోసుకుని, మిగతాది పారేశారు. పైగా పత్రం రాసినవాళ్ళే చివర్లో ఏమన్నారంటే, మొత్తం మీద చూస్తే టీకా వల్ల వేరే వైరస్‌లు ఎక్కువ అవుతాయన్న దానికి ఆధారం లేదు, ఫ్లూ నుంచి మాత్రం బాగా కాపాడింది అని. అది కూడా అదే కాగితంలో ఉంది.

తర్వాత కెనడా వాళ్ళు దీన్ని తేల్చారు. డానుటా స్కోరాన్‌స్కీ అని వాంకూవర్‌లో పనిచేసే పరిశోధకురాలు. ఆవిడ బృందం దగ్గర 2010-11 నుంచి 2016-17 దాకా ఏడు సీజన్ల శాంపిల్స్ ఉన్నాయి. ఫ్లూ కేసులు పక్కన పెట్టి పద్ధతిగా చూస్తే, టీకాకీ పాత కరోనాలకీ సంబంధం కనబడలేదు. వేరే జలుబు వైరస్‌లకీ కనబడలేదు. అమెరికా లెక్కలో జరిగిన పొరపాటు ఇదీ అని కూడా 2020లోనే రాశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. "ఆవిడ కంపెనీల మనిషి అయ్యుంటుంది, అందుకే టీకాని వెనకేసుకొచ్చింది" అని ఎవరైనా అనొచ్చు. ఈ స్కోరాన్‌స్కీ ఎవరో తెలుసా? 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు, అంతకు ముందు ఏడాది మామూలు ఫ్లూ టీకా వేసుకున్నవాళ్ళకి స్వైన్ ఫ్లూ ఎక్కువగా వస్తున్నట్టుంది అని గట్టిగా చెప్పిన బృందం ఆవిడదే. టీకాకి వ్యతిరేకంగా వచ్చిన ఫలితం! దాచలేదు. బయటపెట్టారు, 2010లో అచ్చు వేశారు. ఆ అనుమానంతో కెనడాలో కొన్ని రాష్ట్రాలు ఆ ఏడాది మామూలు ఫ్లూ టీకా కార్యక్రమాన్నే వాయిదా వేసుకున్నాయి. వేరే దేశాల్లో అదే ఫలితం రాలేదు, దాని మీద చాలా వాదన నడిచింది, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, టీకాలో తేడా కనిపిస్తే మొహమాటపడని మనిషి ఆవిడ. అలాంటావిడ పాత కరోనాల విషయంలో సంబంధం లేదు అంటే, ఆ మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. మీరేమంటారు?

అసలు ఒక వైరస్ ఇంకో వైరస్‌ని అడ్డుకోవడం అనేది ఉందా లేదా? ఉంది. ఇది గాలిమాట కాదు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు, కోడిగుడ్డు పొర మీద వేడి చేసి చంపిన ఫ్లూ వైరస్‌ని పెట్టి, తర్వాత బతికున్న వైరస్ వేస్తే అది పెరగలేదని చూశారు. కణాలు ఏదో ఒక పదార్థాన్ని వదులుతున్నాయి, దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. మన ఒంట్లోనూ అంతే. ఒక వైరస్‌తో పోరాడుతున్న కొద్ది రోజులు ఇంకోదానికి చోటు తక్కువ. 2009లో ఫ్రాన్స్, స్వీడన్ లాంటి చోట్ల స్వైన్ ఫ్లూ పెరగడం కాస్త ఆలస్యమైతే, మామూలు జలుబు వైరస్‌లు అడ్డం పడ్డాయేమో అని రాశారు.

ఇక్కణ్ణించి కొందరు ఇంకో మెట్టు ఎక్కారు: ఫ్లూ టీకా వేసి ఫ్లూ రాకుండా చేస్తే, ఫ్లూ వల్ల వచ్చే ఆ నాలుగు రోజుల రక్షణ కూడా పోతుంది కదా, అప్పుడు వేరే వైరస్ దూరుతుంది కదా అని. హాంకాంగ్‌లో 115 మంది పిల్లల మీద చేసిన ట్రయల్లో అలాగే కనిపించింది, 2012లో వచ్చింది. 115 మంది! చిన్న గుంపులో చిన్న తేడా కూడా పెద్దదిగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది అమెరికాలో విస్కాన్సిన్ వాళ్ళు పెద్ద గుంపులో చూస్తే అది కనబడలేదు. ఊహ బాగుంది, మనుషుల్లో నిలబడలేదు. మీ ఫోన్లకి వచ్చిందల్లా ఊహ వరకే.

కాస్త నీళ్ళు తాగుతాను.

ఇప్పుడు రెండో వైపు. టీకా అంటే ఇష్టం ఉన్నవాళ్ళు, మా డాక్టర్లతో సహా, ఇదే తప్పు తిరగేసి చేస్తారు. 2020, 21ల్లో బోలెడన్ని వార్తలు వచ్చాయి: ఫ్లూ టీకా వేసుకున్నవాళ్ళకి కోవిడ్ తక్కువ వస్తోంది అని. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఆసుపత్రుల్లో 27 వేల మందికి పైగా రికార్డులు చూశారు. ఫ్లూ టీకా ఉన్నవాళ్ళలో కోవిడ్ పాజిటివ్ అయ్యే అవకాశం 24 శాతం తక్కువ అని తేలింది. ఆహా అనుకున్నాం. ఒకరు 36 ఎక్కువ అంటే ఇంకొకరు 24 తక్కువ! ఏది నమ్మాలి?

నా జవాబు: ఫ్లూ టీకా కోవిడ్‌ని ఆపుతుందని కూడా నమ్మకండి. ఎందుకో చెప్తాను. మన హైదరాబాద్‌లో డబ్బు పెట్టి ఏటా ఫ్లూ టీకా వేయించుకునేది ఎవరు? కాస్త చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, ఏటా హెల్త్ చెకప్ చేయించుకునేవాళ్ళు. 2020లో మాస్కు ముక్కు మీదకి లాక్కుని పెట్టుకున్నదీ వాళ్ళే. ఇంట్లోంచి పనిచేసే వీలున్నదీ వాళ్ళకే. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడిగిందీ వాళ్ళే! అడ్డా మీద కూలి కోసం నిలబడేవాడు, సిటీ బస్సులో వేలాడుతూ వెళ్ళేవాడు ఫ్లూ టీకా వేసుకోడు, వాడికి కోవిడ్ వచ్చే అవకాశం ఎక్కువ. అది టీకా తేడానా, బతుకు తేడానా? రికార్డుల్లో బతుకు కనబడదు, టీకా కనబడుతుంది. ఎవరు క్యూలోకి వచ్చారో చూడకుండా వచ్చినవాళ్ళలో శాతాలు కడితే, భయమైనా పుడుతుంది, ఆశైనా పుడుతుంది. రెండూ ఒకే తప్పుకి పుట్టిన పిల్లలు.

నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్ళు, ఒక టీకా వేస్తే మన ఒంట్లోని మొదటి కాపలా కణాలు కొంతకాలం చురుగ్గా ఉంటాయి, దానివల్ల వేరే జబ్బులకి కూడా కొంచెం రక్షణ రావచ్చు అని చెప్తున్నారు. మంచి పని అది, తీసిపారెయ్యను. కానీ ఇదే ఆశ బీసీజీ మీద, అంటే పుట్టగానే వేసే క్షయ టీకా మీద కూడా పెట్టుకున్నాం, గుర్తుందా? "మన భుజం మీద బీసీజీ మచ్చ ఉంది, మనకేం కాదు" అని టీవీల్లో ఎంత చెప్పారు! ఐదు దేశాల ఆరోగ్య సిబ్బంది మీద పెద్ద ట్రయల్ చేస్తే, చీటీ తీసినట్టు సగం మందికి బీసీజీ, సగం మందికి ఉత్త సూది ఇచ్చి చూస్తే, కోవిడ్ తగ్గలేదు. ఫలితం 2023లో వచ్చింది. రికార్డులు చూసి చెప్పే మాటకీ, చీటీ తీసి చేసే ట్రయల్‌కీ తేడా అంత ఉంటుంది.

కాబట్టి ఫ్లూ టీకా ఫ్లూకే. కోవిడ్‌ని తీసుకురాదు, కోవిడ్‌ని ఆపదు.

మరి ఫ్లూకైనా ఎంత పనిచేస్తుంది? ఇక్కడా నిజమే చెప్తాను, అమ్మేవాడిలా చెప్పను. వైరస్‌కీ టీకాకీ బాగా జోడీ కుదిరిన ఏడాది, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినంత ఫ్లూని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. కుదరని ఏడాది? అమెరికాలో 2014-15లో 20 శాతం కూడా రాలేదు. అంతే మరి. ఆ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు కూర్చుని, ఏ రకాలు పెట్టాలో నిర్ణయిస్తుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. వింత ఏమిటంటే, కోవిడ్ లాక్‌డౌన్ల దెబ్బకి ఫ్లూలోనే ఒక రకం మాయమైంది. బీ యమగాట అని. 2020 మార్చి తర్వాత అది ఎక్కడా ఖాయంగా దొరకలేదు. అందుకే నాలుగు రకాల టీకా అక్కర్లేదు, మూడు రకాలు చాలు అని 2023 నుంచి చెప్తున్నారు. మెడికల్ షాపులో "నాలుగు రకాలదే వెయ్యాలి" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే నవ్వి ఊరుకోండి.

సగమే పనిచేసే టీకా ఎందుకు అంటారా? ఎవరికి అన్నదాన్ని బట్టి. పాతికేళ్ళ కుర్రాడికి ఫ్లూ అంటే ఐదు రోజుల సెలవు. అరవై దాటి షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి ఫ్లూ అంటే నిమ్ము, దవాఖాన, ఒక్కోసారి గుండెపోటు. ఇంగ్లండ్‌లో 2020 మొదటి నెలల్లో చూస్తే, ఫ్లూ, కోవిడ్ రెండూ ఒకేసారి పట్టుకున్నవాళ్ళు తక్కువే, కానీ అలాంటివాళ్ళలో చావు ముప్పు ఒక్క కోవిడ్ వచ్చినవాళ్ళ కన్నా రెట్టింపుకి పైనే. అందుకని పెద్దవాళ్ళకి, గర్భిణులకి, ఆస్తమా వాళ్ళకి, కిడ్నీ, గుండె జబ్బులవాళ్ళకి, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి నేను వెయ్యమనే చెప్తాను.

ఎప్పుడు వెయ్యాలి? అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఫోన్ చేసి "అక్టోబర్‌లో వేయించుకో నాన్నా" అంటారు. అది వాళ్ళ చలికాలం లెక్క. మన హైదరాబాద్‌లో ఫ్లూ వానలతో వస్తుంది. జూన్‌లో బళ్ళు తెరుస్తారు, ముసురు పడుతుంది, ఆషాఢంలో బోనాలు, తర్వాత వినాయకచవితి, జనం మీద జనం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా అది ఒక కెరటం. మళ్ళీ చలికాలం చివర, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోటి. 2015 జనవరి, ఫిబ్రవరి గుర్తుందా? గాంధీ దవాఖాన చుట్టూ అందరం మాస్కులు కట్టుకుని తిరిగాం. దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు కూడా 2009 మేలో మన ఎయిర్‌పోర్టులో దిగిన ప్రయాణికుడిదే, ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో ఉంచారు. ఆ స్వైన్ ఫ్లూయే ఇప్పుడు మామూలు ఫ్లూ అయి కూర్చుంది, ఏటా టీకాలో దాని ముక్క ఉంటుంది, దానికని వేరే సూది అక్కర్లేదు.

కాబట్టి మనకి మంచి సమయం ఏప్రిల్, మే, జూన్ మొదలు. అంటే ఇప్పుడే. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపప్రసాదం కోసం ఆస్తమా వాళ్ళు వేలమంది క్యూ కడతారు కదా, దాని మీద నా అభిప్రాయం ఇక్కడ చెప్పి గొడవ పెట్టుకోను. కానీ అంతమంది ఆయాసం ఉన్నవాళ్ళు ఒకేచోట దగ్గుతూ నిలబడే ముందు, రెండు వారాల ముందే ఫ్లూ సూది వేసుకుని వెళ్ళండి. రెండు వారాలు ఎందుకంటే రక్షణ తయారవడానికి అంత టైం పడుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్నలు, జవాబులు

(టీకా వేయించుకున్నాకే తనకి జ్వరం వచ్చిందని ఒక పెద్దాయన అన్నారు.)

ఎన్నాళ్ళకి వచ్చింది సార్? మర్నాడే? అది టీకా జ్వరం, ఒకటి రెండు రోజులు ఉండి పోతుంది, ఫ్లూ కాదు. కండకి వేసే సూదిలో చచ్చిన వైరస్ ముక్కలు ఉంటాయి, వాటికి జబ్బు తెచ్చే శక్తి లేదు. వారం తర్వాత వచ్చిందంటే వేరే ఏదో వైరస్ పట్టుకుంది, లేదా రక్షణ తయారయ్యేలోపే ఫ్లూ తగిలింది. దగ్గు వందరకాల వైరస్‌ల వల్ల వస్తుంది సార్, టీకా ఒక్క ఫ్లూకే.

(ఫ్లూ టీకా, కోవిడ్ టీకా ఒకేరోజు వేయించుకోవచ్చా?)

వేయించుకోవచ్చు. బ్రిటన్‌లో 2021లో చీటీ తీసి చేసిన ట్రయల్ ఉంది. రెండు చేతులకీ రెండు వేస్తే ఒళ్ళు నొప్పులు కాస్త ఎక్కువ ఉండొచ్చు, రక్షణ తగ్గలేదు, ప్రమాదం కనబడలేదు.

(కోడలు ఐదో నెల గర్భిణి అని ఒకావిడ అడిగారు.)

తప్పకుండా వేయించండమ్మా, ఏ నెలలోనైనా వెయ్యొచ్చు, మీ గైనకాలజిస్టుకి చెప్పి సూది టీకాయే వేయించండి, ముక్కులో కొట్టే స్ప్రే వద్దు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది. ఇంకో లాభం ఉంది: పుట్టిన బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వెయ్యరు. ఆ ఆరు నెలలూ బిడ్డకి ఉండేది తల్లి నుంచి వచ్చిన రక్షణే. పెద్ద మనవడు ఉన్నాడా? నాలుగేళ్ళా? మొదటిసారి వేస్తుంటే వాడికి రెండు డోసులు, మధ్యలో నాలుగు వారాలు.

(చేతులు కాళ్ళు చచ్చుబడతాయని విన్నాం, నిజమేనా?)

గిలియన్ బారే అంటారు దాన్ని. 1976లో అమెరికాలో వేసిన స్వైన్ ఫ్లూ టీకాతో లక్షకి ఒకరికి చొప్పున ఎక్కువ వచ్చింది, ఆ కార్యక్రమమే ఆపేశారు. ఇప్పటి టీకాలతో ఏమైనా ఉంటే పది లక్షల్లో ఒకరిద్దరు. ఫ్లూ జబ్బు వల్ల కూడా అదే వస్తుంది, అది ఇంకా ఎక్కువగా. ఇదివరకు ఎవరికైనా ఆ జబ్బు వచ్చి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేయించుకోకండి.

(సర్కారు దవాఖానల్లో ఉచితంగా వేస్తారా?)

పిల్లలకి వేసే ఉచిత టీకాల జాబితాలో ఫ్లూ లేదు. హజ్‌కి వెళ్ళే పెద్దవాళ్ళకి శిబిరంలో వేస్తారు. మిగతావాళ్ళు కొనుక్కోవాల్సిందే, పదిహేను వందల నుంచి రెండు వేల దాకా అవుతుంది. మన కోరంటి దవాఖానలో, గాంధీలో ఫ్లూ వచ్చినవాళ్ళకి వైద్యం ఉచితమే, మందు ఉచితమే, రాకుండా ఆపే సూదికి మాత్రం జేబులోంచి పెట్టాలి. కనీసం అరవై దాటిన షుగర్, ఆయాసం వాళ్ళకైనా సర్కారు ఇవ్వాలని నేను అడుగుతూనే ఉన్నాను, మీరు కూడా మీ కార్పొరేటర్‌ని, ఎమ్మెల్యేని అడగండి.

(మెడికల్ షాపులో కొని ఇంటి పక్క క్లినిక్‌లో వేయించుకుంటే ఫర్వాలేదా?)

ఫర్వాలేదు, కానీ ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరక్కండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. షాపువాణ్ణి ఐస్ ప్యాక్‌తో ఇమ్మనండి, సూది ఐస్‌కి నేరుగా తగలకుండా మధ్యలో కాగితం చుట్టించండి, అట్నుంచి అటే క్లినిక్‌కి వెళ్ళండి. రేపు వేయించుకుందాంలే అని ఇంట్లో ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, ఒకసారి గడ్డకట్టిందంటే ఆ టీకా పారెయ్యాల్సిందే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా సరే.